తుమ్మితే చీర తడుస్తోంది, ఇది కిడ్నీ జబ్బేనా?

ప్రశ్న (44 ఏళ్లు, పలాస దగ్గర పల్లె):
జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పని నాది. పొద్దున్న కూర్చుంటే గుండ్లు, బద్దలు వేరుచేస్తూ మధ్యాహ్నం దాకా లేవం. ఆరు నెలలుగా తుమ్మినా, దగ్గినా, టిన్ను ఎత్తినా నాలుగు చుక్కలు కారిపోతున్నాయి. మొన్న ఎవరో జోకు వేస్తే అందరూ పడీపడీ నవ్వారు. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

అంతమందికీ బాత్రూం ఒకటే. అందుకే పనిలో నీళ్లు మానేసి టీతో సరిపెడుతున్నాను. కారడం ఆగలేదు, పైగా వారం నుంచి ఒంటికి వెళ్తే మంట. మా మామగారు డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయారు. నాకూ అదే మొదలైందా? ఇంట్లో ఆయనకి చెప్పలేదు.

జవాబు (రిటైర్డ్ నర్సు, శ్రీకాకుళం):
తల్లీ, ముందు ఒక గ్లాసు నీళ్లు తాగు. రెండు సంగతులు ఒకే మూట కట్టేశావు. తుమ్మితే కారడం కిడ్నీ వల్ల కాదు. మూత్రసంచిని కింద నుంచి మోసే కండరాలు కాన్పులతో, వయసుతో సడలుతాయి. మంట వేరు, అది ఇన్ఫెక్షన్ కావచ్చు. నీళ్లు తగ్గించి గంటలకొద్దీ ఆపుకుంటే అది పెరుగుతుంది. యూరిన్ పరీక్ష చేయించు, మందుల షాపులో అడిగి యాంటిబయాటిక్ మింగకు.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో కిడ్నీ అంటే భయపడనివాళ్లెవరు! ఆ జబ్బు మొదట్లో ఏ సూచనా ఇవ్వదు. అందుకని యూరిన్ పరీక్షతో పాటే రక్తం కూడా ఇచ్చి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్, షుగర్ చూపించెయ్. ఒంటికి వెళ్తే రక్తం కనబడినా, చలిజ్వరంతో నడుం పక్కన నొప్పి వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లు. ఈలోగా మూడు రోజులు కాగితం మీద రాసుకో, ఎంత తాగావు, ఎన్నిసార్లు వెళ్లావు, ఎప్పుడు కారింది అని. డాక్టరు ముందు సిగ్గేసి మాట రాకపోతే అది చేతికిచ్చెయ్.

జవాబు (బస్సు కండక్టరు, బొబ్బిలి):
అప్పా, నాదీ ఇదే. ఫిజియోథెరపీ వాళ్లు వ్యాయామం నేర్పారు. గాలి పోకుండా, ఒంటికి రాకుండా ఆపుకున్నట్టు కింది కండరాన్ని లోపలికి, పైకి లాగాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. నేను మొదటి నెలంతా పొట్ట బిగించి ఊపిరి ఆపి చేశాను, శుద్ధ దండగ. కూర్చుని ఉన్నా చెయ్యొచ్చు, పాలకొండ బస్టాండులో టికెట్ల లెక్క చూసుకుంటూ చేసేదాన్ని. రెండు నెలలు ఏ తేడా లేదు, నాలుగో నెలలో తెలిసింది. ఇప్పటికీ బిందె ఎత్తితే ఒక చుక్క వస్తుంది. టీ తగ్గించు, మలబద్ధకం ఉంటే అదీ చూసుకో.

జవాబు (63 ఏళ్లు, సోంపేట):
మగాళ్లూ వినండి. రాత్రికి ఐదుసార్లు లేచేవాణ్ణి, ధార సన్నం. వయసులే అనుకున్నాను. ఒక రాత్రి మొత్తానికే ఆగిపోయి గొట్టం వేయించుకోవాల్సి వచ్చింది. మగాళ్లకి మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందట. ఇప్పుడు బిళ్లలతో ఒక్కసారే లేస్తున్నాను.

మళ్లీ ప్రశ్న అడిగినామె:
ఇన్ఫెక్షనే. మందుల కోర్సు అయింది, మంట పోయింది. క్రియాటినిన్ నార్మల్. ఆయనకి చెబితే "ఇన్నాళ్లూ దాచావా" అని కసిరి, మర్నాడు నా సంచిలో పెద్ద నీళ్ల సీసా పెట్టాడు. పక్కన కూర్చునే ఇద్దరికీ ఇదేనట! ముగ్గురం పప్పు ఏరుతూ ఒకటి, రెండు అని గొణుగుతుంటే, టిన్నులు ఎప్పుడో నిండిపోయాయి కదా ఇంకా ఏం లెక్కపెడుతున్నారని మేస్త్రి అడిగాడు.