ఆపరేషన్ అయ్యాక పాపతో సైగలు చెయ్యొద్దంటున్నారు, మానేయాలా?

బొబ్బిలి అమ్మ:
మా పాపకు ఏడాదిన్నర. రెండు చెవులూ వినపడవని పరీక్షల్లో తేలింది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్‌కి (ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి మిషన్) పేరు రాసుకున్నారు. థెరపీ మేడం మాత్రం, "ఇంట్లో ఎవరూ సైగలు చెయ్యకండి, అలవాటైతే ఇక నోరు తెరవదు" అన్నారు. చేతులు కదపకుండా పాపతో ఎలా ఉండాలో తెలియక టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాజాం నాన్న:
మేడం మాట వినండమ్మా. మావాడికి రెండేళ్లప్పుడు ఆపరేషన్ అయింది. వారానికి రెండుసార్లు బస్సెక్కి విశాఖ వెళ్లేవాళ్లం, అలా మూడేళ్లు. ఇప్పుడు మామూలు బడిలో మూడో తరగతి. ఫోన్ చేసి "నాన్నా, వచ్చేటప్పుడు జీళ్లు తే" అంటాడు. సైగలు నేర్పితే ఎవరితో మాట్లాడతాడు? మా వీధిలో ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆమదాలవలస అక్క:
అన్నయ్య గారూ, మీ బాబు మాట చదివి సంతోషం వేసింది. కానీ మా చెల్లి సంగతి కూడా ఈ తల్లికి తెలియాలి.

చెల్లిని సైగలు నిషిద్ధమైన బడిలో వేశారు. పిల్లలు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. టీచరు తన గొంతు మీద చెయ్యి పెట్టించి, ఆ అదురు పట్టుకుని అదే శబ్దం తియ్యమనేవారు. పెదాలు చూసి మాట పట్టుకోవాలి. మీరు అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని గొంతు రాకుండా అనండి. మూడింటికీ పెదాలు ఒక్కలాగే కదులుతాయి.

దానికి ఏడేళ్లప్పుడు మా తాత పోయారు. రోజూ సాయంత్రం బస్సు దిగి దానికి జీడిపప్పు పొట్లం ఇచ్చేది ఆయనే. పోయారని చెప్పడానికి మా దగ్గర మాట లేదు, సైగా లేదు. నెల రోజులు బస్సు వేళకి వెళ్లి రోడ్డు మీద నిలబడేది. తన మీద అలిగి వెళ్లిపోయారనుకుందట. పంతొమ్మిదో ఏట సైగ భాష నేర్చుకున్నాక అదే మాకు చెప్పింది. నేను ఆ రాత్రంతా ఏడ్చాను.

ఈ నిషేధం ఇప్పటిది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద అంతర్జాతీయ సభ పెట్టి, సైగలు మాని నోటి మాటతోనే నేర్పాలని తీర్మానించారు. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ చెవులు వినిపించేవాళ్లే. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అదే సభలో ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా సైగ భాష వచ్చిన టీచర్లను తీసుకోవాలంటోంది.

ఆపరేషన్ వద్దని నేననను తల్లీ. చేయించు, థెరపీ ఒక్క రోజు కూడా మానకు. కానీ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి గానీ మిషన్ ఆన్ చెయ్యరు. ఆ తర్వాత మాటలు రావడానికి నెలలు పడుతుంది, అందరు పిల్లలకీ ఒకేలా రావు. భాష పట్టే వయసు మాత్రం ఇదే. అన్నాళ్లూ పాప ఖాళీగా ఉండకూడదు. సైగలతో మాట్లాడే బధిర తల్లిదండ్రులకి పుట్టిన, చెవులు వినిపించే పిల్లలు ఇంట్లో సైగలు నేర్చుకుంటారు. వాళ్లకి మాటలూ వస్తాయి. సైగ నోరు కట్టెయ్యదు.

వీధిలో ఎవరికీ రాదంటారా, ముందు ఇంట్లో వాళ్లకి వస్తే చాలు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు తయారు చేసింది. వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి.

రాజాం నాన్న:
మీ చెల్లి సంగతి చదివి మనసు బరువెక్కిందమ్మా. స్నానానికి చెవి బయట ఉండే మిషన్ తీసేస్తాం కదా, అప్పుడు నీళ్లు కాలుతున్నాయా అని మావాడిని వేలితోనే అడుగుతాను. వాడూ వేలితోనే చెబుతాడు. అదీ సైగే. అయినా థెరపీ గంటలో మాత్రం నోటి మాటే ఉండాలంటాను.

బొబ్బిలి అమ్మ:
ఆపరేషన్ వచ్చే నెల. నిన్న రాత్రి "అమ్మ", "పాలు", "నొప్పి" వీడియోలు మూడూ చూశాం. మా అత్తగారు కూడా పక్కన కూర్చుని చేతులు తిప్పారు. ఆవిడ వేళ్లు పట్టుకుని పాప వదల్లేదు.