కోతి–మొసలి బొమ్మల పుస్తకం: గీత పారుతోంది, కాగితం లేస్తోంది

నేరేడుకొమ్మ:
అన్నలూ, అక్కలూ, బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ రెండో ఏడు. ఇలస్ట్రేషన్ సబ్మిషన్‌కి కోతి–మొసలి కథని కవర్‌తో కలిపి 16 పేజీల పుస్తకంగా ప్రింట్ తీసి ఇవ్వాలి. సైజు 8 అంగుళాల చదరం. 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 150 గ్రాముల బరువు) కార్ట్రిడ్జ్ డ్రాయింగ్ షీటు మీద పెన్సిల్, దాని మీద ఫౌంటెన్ పెన్ ఇంకుతో నిబ్బు గీత, పైన వాటర్ కలర్. కలర్ తగలగానే గీత పారిపోయింది. కాగితం అప్పడంలా లేచింది. మొసలి మూతి చాలాసార్లు చెరిపి వేశాను, అక్కడ గీతకి వేర్లు వచ్చాయి. ప్రింట్ తీస్తే నది నీలం కాస్తా బూడిద రంగులోకి దిగిపోయింది. మూడు వారాలే ఉంది.

పాళీ:
ఒక్క జబ్బు కాదు, నాలుగు.

ఫౌంటెన్ పెన్ ఇంకు మామూలుగా నీళ్లలో కరిగే రంగు. వారం ఆరబెట్టినా తడి తగిలితే కదులుతుంది. సీసా మీద వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు అని ఉన్నదే కొను. అది ముంచి గీసే నిబ్బుకి మాత్రమే; ఫౌంటెన్ పెన్‌లో పోశావంటే లోపల గట్టిపడి పెన్ను పోతుంది. అసలు బొమ్మకి ముందు అదే కాగితం ముక్క మీద దగ్గర దగ్గరగా గీతలు గీసి గంట తర్వాత, నాలుగు గంటల తర్వాత, మర్నాడు తడి కుంచె లాగి చూడు. వానాకాలంలో ఇంకు ఆరడానికి ఎక్కువ టైము పడుతుంది.

వేర్ల సంగతి. కాగితానికి తయారీలోనే గంజిలాంటిది పట్టిస్తారు, ఇంకు పైన నిలిచేది దానివల్లే. రబ్బరుతో రుద్దీ రుద్దీ అది లేపేస్తే ఇంకు నారల వెంట పాకుతుంది. అందుకే కుస్తీ అంతా వేరే పల్చటి కాగితం మీద పట్టు. బొమ్మ కుదిరాక దాని వెనక 2బీ పెన్సిల్ పొడి రుద్ది, మంచి షీటు మీద పెట్టి పైనుంచి గీయి. ఆఫీసు కార్బన్ పేపర్ వద్దు, దాని జిడ్డు మీద వాటర్ కలర్ పట్టదు, చెరిగి చావదు.

కాగితం లేవకుండా ఉండాలంటే షీటుని నాలుగైదు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, ప్లైవుడ్ మీద పరిచి, తడిపితే అంటుకునే బ్రౌన్ పేపర్ టేపుతో నాలుగు వైపులా అంటించు. పార్సిల్‌కి వేసే ప్లాస్టిక్ టేపు తడి కాగితానికి అంటదు. పలక పడుకోబెట్టే ఆరనివ్వాలి. ఎండలో పెడితే ఒక మూల ముందే ఆరి లాగేసి టేపు ఊడుతుంది. బొమ్మ పూర్తయ్యాకే కొయ్యి.

ముందు కొలత:
టేపు కథ 150కి అక్కర్లేదు, ఆ కాగితమే మార్చండి. 300 జీఎస్‌ఎం అయితే పల్చటి వాష్‌కి (నీళ్లు కలిపిన రంగు పూతకి) పెద్దగా లేవదు. నది పేజీలా నీళ్లు ఎక్కువ పోసేవాటినే పలకకి బిగించుకోండి. నిబ్బు గీత కాబట్టి హాట్ ప్రెస్డ్ (నున్నటి రకం) తీసుకోండి. గరుకు కాగితం మీద నిబ్బు తట్టుకుని చుక్కలు చిమ్ముతుంది.

ఎన్ని షీట్లో లెక్క వేసుకుని కొనండి. 16 పేజీల్లో మొదటిది, చివరిది విడి. మిగతావి ఏడు జంట పేజీలు. ప్రింట్ సైజు కంటే 1.25 రెట్లు పెద్దగా వేస్తే, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (ప్రింటయ్యాక కోతలో పోయే అంచు) కూడా ఆ లెక్కనే కలుపుకుని ఒక జంట దాదాపు 20.3 × 10.3 అంగుళాలు. 22 × 30 షీటుని సగానికి కోస్తే ఒక్కో సగంలో ఒక జంట, విడి పేజీలు రెండూ ఒక సగంలో. అంటే నాలుగు షీట్లు, చెడితే ఉంటుందని ఇంకొకటి.

కోతి మొహం మాత్రం సరిగ్గా మధ్య మడతలో పడకూడదు. చాలామంది చేసే తప్పు ఇదే.

చట్టాబజార్ దారిలో:
స్కాన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఏ4 స్కానర్‌తో ముక్కలెక్కువవుతాయి. ఏ3లో రెండు సార్లుగా, మధ్యలో రెండంగుళాలు కలిసేలా, 600 డీపీఐలో తీయించండి. రెండోసారి షీటుని తిప్పి పెట్టొద్దు. దీపం వెలుతురు ఒక వైపు నుంచే పడుతుంది, తిప్పితే కాగితం గరుకు నీడలు ఎదురు దిక్కుకి పడి అతుకు కనిపిస్తుంది.

నది మాసిపోవడానికి సగం కారణం సీఎంవైకే, అంటే ప్రెస్సు వాడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు. మెరిసే నీలాలు, ఊదాలు ఆ నాలుగు ఇంకుల్లో రావు. మిగతా సగం కాగితం: మ్యాప్‌లిథో (పూత లేని మామూలు ప్రింటింగ్ కాగితం) ఇంకు పీల్చుకుని రంగు దిగిపోతుంది, పూత ఉన్న మ్యాట్ ఆర్ట్ పేపర్ మీద నిలుస్తుంది. రంగులు సీఎంవైకేలోకి మార్చి చూసి, నది ఒక్క పేజీ అదే కాగితం మీద ప్రూఫ్ (నమూనా ప్రింట్) తీసుకోండి. జంట పేజీ 12 × 18 డిజిటల్ షీట్‌లో పడుతుంది. రెండు వైపులా నాలుగు షీట్లు, సెంటర్ పిన్. హైదరాబాద్ చట్టాబజార్‌లో శుభలేఖల ప్రెస్సులు వరసగా ఉంటాయి, కానీ పెళ్లిళ్ల సీజన్‌లో వెళ్తే మీ నాలుగు షీట్లకి వంతు రావడం కష్టం.

అక్షరాలకి చోటు ముందే వదలండి. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు: 14 పాయింట్ల అక్షరానికి వరస 22 పాయింట్లన్నా లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అక్షరాలు ఒక్క నలుపు ఇంకులోనే ఉండాలి, నాలుగు రంగుల నలుపైతే ఒక్క రంగు ఇసుమంత జరిగినా అంచున రంగు కనబడుతుంది. ప్రెస్‌కి ఇచ్చేముందు ఫాంట్‌ని అవుట్‌లైన్స్ (అక్షరాలని బొమ్మ గీతలుగా మార్చడం) చేయండి.

నేరేడుకొమ్మ:
షీట్లు మారుస్తున్నా. ఇంకొక్కటి, మొసలి మూతి ఎంత వేసినా బల్లిలా వస్తోంది.

పాళీ:
నోరు మూసినా కింది దవడ నాలుగో పన్ను బయటికి కనబడాలి. మొసలికి మొసలితనం అక్కడే. ముందుకాలికి ఐదు వేళ్లు, వెనక్కాలికి నాలుగు. జూపార్కుకి వెళ్లి చూసి వెయ్యి, సోమవారం సెలవు. కోతి తోక కూడా చూసుకో: మన దక్షిణాది కోతికి తోక ఒంటి కంటే పొడుగు, నడినెత్తిన వెంట్రుకలు పాపిడి తీసినట్టుంటాయి. పొట్టి తోక, ఎర్రమొహం వేశావంటే అది ఉత్తరాది రీసస్ కోతి అవుతుంది.