అప్‌డేట్: వరదకి పోయిన మా రూప్‌చంద్ చేపలు ఏం తింటున్నాయి?

బుడమేరు పొంగి మా చెరువు గట్టు తెగినప్పుడు, డ్రెయిన్‌లోకి పోయిన రూప్‌చంద్‌లు మేత లేకుండా బతుకుతాయా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. అప్పుడు చాలామంది చచ్చిపోతాయన్నారు. నాకూ అదే టెన్షన్.

పది వారాల తర్వాత మొన్న మా బాబాయి వలలో రెండు పడ్డాయి. మావే అని ప్రమాణం చెయ్యలేను గానీ, ఆ డ్రెయిన్‌లో ఇంకెవరివి ఉంటాయి?

ఒకటి పొడుగ్గా, తల పెద్దగా, ఒళ్లు ఎండిపోయి ఉంది. పొట్ట కోస్తే నాచు, ఒక ప్లాస్టిక్ ముక్క, అంతే. పాపం, గుళికమేత అనుకుని మింగినట్టుంది. రెండోది మాత్రం బాగా బలిసింది. దాని పొట్టలో పిండైన నత్తగుల్లలు, గడ్డిగింజలు. నోరు తెరిచి చూశాను, మన దవడపళ్ల లాంటి పళ్లు! అమెజాన్ నదుల్లో దీని జాతి వరదకి మునిగిన అడవిలో రాలిన కాయలు, గింజలు కొరుక్కుతింటుంది. అంటే ఇలా కొరికి తినే పని దీనికి కొత్తేం కాదు, చెరువులో అవసరం రాలేదంతే.

ఇప్పుడు నా భయం వేరే. ఇవి కొల్లేటి సరస్సు దాకా పోయి అక్కడి నత్తల్ని, మన చేపల తిండిని మింగేస్తే? బలిసినదాన్ని పులుసు పెట్టాం, రుచి మాత్రం చెరువు చేప కన్నా బాగుంది.