‘కాంటాక్ట్’కు స్పర్శ అంటే సరిపోతుందా?

ఒకే ఒక్క అణువు గుండా కరెంటు ఎంత పారుతుందో కొలిచే ప్రయోగాల మీద వ్యాసం రాస్తూ ‘కాంటాక్ట్ కెమిస్ట్రీ’ (అణువు కొస లోహాన్ని పట్టుకునే తీరు) దగ్గర ఆగిపోయాను. ‘స్పర్శ రసాయనం’ అని రాసి కొట్టేశాను. స్పర్శ అంటే తాకి వదిలేసినట్టుంది.

బంగారు మొనను బంగారానికి ఆనించి మెల్లగా వెనక్కి లాగుతారు. తెగబోయే ముందు ఒక్క పరమాణువు మందాన వారధి మిగులుతుంది. అప్పటి వాహకత్వం, అంటే కరెంటును పారనిచ్చే గుణం, 77.5 మైక్రోసీమెన్స్ దరిదాపుల్లో ఉంటుంది. తెగాక ఆ సందులోకి ద్రావణంలోని అణువు వచ్చి కూర్చుంటుంది. 2003లో షూ, టావో అనే శాస్త్రవేత్తలు ఇలా బైపిరిడీన్ అనే అణువును కొలిస్తే అందులో సుమారు నూరో వంతు వచ్చింది. అణువు కొసల్లో ఏముందన్నది బట్టి ఈ లెక్క మారిపోతుంది. మంచి మాట చెప్పండి.

— ‘సంధి’ అనండి. పదాలు పక్కపక్కన నిలబడితే సంధి కాదు, కలిసేచోట ఏదో మారాలి. ‘వాడు’, ‘ఎక్కడ’ కలిస్తే ఉకారం ఊడిపోయి ‘వాడెక్కడ’ అవుతుంది కదా.

— భలే పోలిక మాస్టారూ! 2011లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది అచ్చంగా అదే. అణువు కొసల్లోని తగరం గుంపులు ఊడిపోయి కార్బన్ నేరుగా బంగారాన్ని పట్టుకుంది. మామూలు కొసలతో పోలిస్తే వాహకత్వం 100 రెట్ల దాకా పెరిగింది. కానీ అమీన్ (నత్రజని ఉండే) కొసతో చిక్కుంది. అక్కడ ఏదీ ఊడదు, నత్రజని తన ఎలక్ట్రాన్ల జంటతో బంగారాన్ని మెత్తగా పట్టుకుంటుంది, అంతే. తమాషా ఏమిటంటే, 2006లో లతా వెంకటరామన్ బృందం కొలిచినప్పుడు ఈ మెత్తని పట్టుకే విలువలు నిలకడగా వచ్చాయి. గట్టిగా పట్టే గంధకానికి చెల్లాచెదురుగా వచ్చాయి. గంధకం బంగారాన్ని రకరకాలుగా పట్టుకోగలదు మరి. అమీన్‌ది సంధి అంటే మీరు ఒప్పుకుంటారా?

— ఒప్పుకోనండీ.

— మాది కడియం వైపు. మేం మామిడికి ‘అంటు’ కడతాం. అంటడమంటే తాకడమే, అతుక్కోవడమూ అదే. కోసిన పచ్చి పొరలు రెండూ సరిగ్గా ఆనకపోతే రసం పైకెక్కదు, కొమ్మ ఎంత మంచిదైనా సరే.

— ‘అంటు రసాయనం’ అంటే అంట్లు తోమే సబ్బు అనుకుంటారేమో!

— అనుకోనివ్వండి. మొత్తం అమరికకు సంధి, కొస బంగారాన్ని పట్టుకునే చోటుకు అంటు. రాసి చూశాను: “బైపిరిడీన్ సంధిని నొక్కితే అంటు ఏటవాలై వాహకత్వం పెరుగుతుంది, లాగితే నిటారై తగ్గుతుంది.” చదవడానికి ఎక్కడైనా తట్టుకుంటోందా?