చెయ్యనొల్లనా, చెయ్యనేరనా?

గోదారిగట్టు: డిగ్రీలో మా ఇంగ్లిష్ మాస్టారు అమెరికన్ రచయిత మెల్విల్ రాసిన బార్టిల్‌బీ కథ చెప్తూ, అందులో గుమాస్తా ప్రతిదానికీ అనే 'ఐ వుడ్ ప్రిఫర్ నాట్ టు' అన్న మాటని తెలుగులో ఒక్క ముక్కలో తేల్చేశారు, అది 'చెయ్యనొల్లనండి' అన్నారో 'చెయ్యనేరనండి' అన్నారో రెండ్రోజుల్నుంచి బుర్ర తినేస్తోంది. బలి పద్యం 'తిరుగనేరదు నాదు జిహ్వ' కూడా అప్పుడే చదివినట్టు గుర్తు, అంటే నేరనేనా?

బందరులడ్డు: ముందు పద్యం సరిగ్గా రాయండి బాబూ, తిరుగన్నేరదు. మత్తేభం సగణంతో మొదలవ్వాలి, ఆ న్ తీసేస్తే గ లఘువైపోయి పద్యం కుంటుతుంది. ఇక నేరను అంటే చేతకాదని. వాడికి చేతకాకపోవడమేంటి, చేరిన కొత్తలో రాత్రీ పగలూ నకళ్లు రాసి పడేశాడు, మూడో రోజు సరిచూద్దాం రమ్మంటే కదా మొదలెట్టింది. ఒల్లనే, అంటే ఇష్టంలేదని.

గోదారిగట్టు: అయితే బలికి చేతకాకనా? నాలిక వెనక్కి మళ్లదు, అంతేగా.

ఓరుగల్లు: మా దిక్కు 'చెయ్యబుద్ధైతలేదు సార్' అంటరు, ఐపాయె.

ఉప్పుగాలి: అది బద్ధకం అన్నా, వాడిది బద్ధకం కాదు. ఒల్లను మరీ మొరటు, 'ఒల్లని సతి నొల్లని పతి' గుర్తు తెచ్చుకోండి ఎంత విరక్తో. పోస్టాఫీసుకెళ్లి రమ్మన్న వకీలు 'వెళ్లవా?' అని నిలదీసినా వాడు వెళ్లను అనడు, మళ్లీ ప్రిఫర్ అనే అంటాడు, కథంతా ఆ సందులోనే ఉంది. 'వెళ్లకపోవడమే నాకిష్టమండీ' అనాలి.

బందరులడ్డు: అంత పొడుగు మాట ఎవరి నోటికి అంటుకుంటుంది అమ్మా? ఆఫీసంతా ప్రిఫర్ జబ్బే, టర్కీ అనే తోటి గుమాస్తా అయితే అదేదో వింత మాట నేనెప్పుడూ వాడను అంటూనే వాడేస్తాడు. ఒల్లను అయితే అంటుకుంటుంది. పైగా తన నవలలు మోబీ డిక్ (1851), పియర్ (1852) దెబ్బతిన్నాక 1853లో పట్నమ్స్ మంత్లీ పత్రికలో పేరు లేకుండా వేసుకున్న కథ ఇది, జనం అడిగింది రాయనొల్లను అని మెల్విలే అంటున్నాడని నా లెక్క. మన పోతన 'ఇమ్మనుజేశ్వరాధములకు' అన్నట్టు.

ఉప్పుగాలి: ఆ పద్యంలో ఒల్లను ఎక్కడుందండీ? 'సమ్మతి శ్రీహరికిచ్చి చెప్పె' అని సమ్మతి ఉంది. ఆ లెక్కన 'నాకు సమ్మతం కాదండి' బాగోదూ?

బందరులడ్డు: అది కోర్టు భాష.

ఉప్పుగాలి: వాడు కూర్చున్నది వాల్ స్ట్రీట్ వకీలాఫీసులోనే కదా!

ఓరుగల్లు: మన పోతన అంటున్నరు, బందరుకేం సంబంధం సార్, మా బమ్మెరాయన.

కడపకారం: ఒంటిమిట్ట గురించి ఎవరూ మాట్లాడరేం?