టేక్ అంటే తీసుకోవడం ఒక్కటేనా?

కోనసీమ కోడలు:
మాది అమలాపురం దగ్గరండి, సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ చెప్తాను. నిన్న ఆరో తరగతి బుడ్డోడు ఒకడు, టీచర్ టేక్ అంటే తీసుకోవడం కదా మరి టేక్ ఎ బస్ అంటే బస్సు తీసుకుపోవడమా అన్నాడు. అందరం ఒకటే నవ్వు. తర్వాత ఆలోచిస్తే ఫొటో తీయడం, బిళ్ల వేసుకోవడం, పరీక్ష రాయడం, టైం పట్టడం అన్నిటికీ వాళ్లకి టేకే. అసలీ మాట ఎక్కడ్నుంచి వచ్చిందండీ, పిల్లలకి ఎలా చెప్పను?

పాత డిక్షనరీ:
ఇది ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదండి, వైకింగులు, అంటే డెన్మార్క్, నార్వేల వైపు నుంచి ఓడల్లో వచ్చిపడ్డ వాళ్లు, తెచ్చింది. 793లో ఇంగ్లండులో లిండిస్‌ఫార్న్ అనే దీవిలో మఠం మీద పడి దోచుకున్నారు, 865లో పెద్ద సైన్యంతో దిగారు, తర్వాత చాలామంది వెనక్కెళ్లకుండా ఉత్తరాన తూర్పున పొలాలు దున్నుకుంటూ అక్కడే ఉండిపోయారు. వాళ్ల మాట టాకా, అదే టేక్ అయ్యింది. అంతకుముందు తీసుకోవడాన్ని ఇంగ్లీషులో నిమన్ అనేవారు, జర్మన్లో నేమెన్ ఇప్పటికీ ఉంది, రెండూ ఒక తల్లి పిల్లలే. ఇరుగూ పొరుగూ అయ్యి వియ్యాలందుకునేసరికి కొన్ని వందల ఏళ్లలో నిమన్ మూలకి పోయింది. కానీ చెయ్యి మొద్దుబారితే నంబ్ అంటాం చూడండి, అది నిమన్ లోంచి వచ్చిందే, స్పర్శని ఎవరో తీసేసుకున్నట్టు. చివర బి తర్వాతెప్పుడో తగిలించారు, పలకరు కూడా, దండగ.

లంకలో రైతు:
ఇంత దూరం ఎందుకండీ, మన పట్టు లేదూ? ఇవాళ పొద్దున్నే ముసురు పట్టింది, రాత్రి నిద్ర పట్టలేదు, గునపం తీస్తే తుప్పు పట్టింది, ఈలోగా మా ఆవిడ మిల్లుకెళ్లి పిండి పట్టించుకురా అంది, ఎంతసేపు పట్టుద్దే అన్నాను. ఇందులో చేత్తో పట్టిందేమన్నా ఉందా? పిల్లలకి ఇదే చెప్పండి, ఠక్కున ఎక్కుద్ది.

పాత డిక్షనరీ:
బావుందిగానీ చిన్న తేడా. ముసురు మనం పట్టలేదు, అదే ఊరిని పట్టింది. నిద్రా అంతే. ఇంగ్లీషులో ఎక్కువగా మనిషే టేక్ చేస్తాడు. అయితే జబ్బు చేస్తే టేకెన్ ఇల్ అంటారు, అక్కడ మాత్రం మనలాగే, జబ్బే మనిషిని పట్టుకుంది. రావులపాలెంలో బస్సు పట్టుకున్నాం అంటాం, దానికి వాళ్లు క్యాచ్ కూడా వాడతారు.

కోనసీమ కోడలు:
పట్టు చెప్పానండి, బాగా పనిచేసింది, తలా ఒకటి అరిచారు, చెమట పట్టడం, బూజు పట్టడం, పిచ్చి పట్టడం. నంబ్ సంగతి కూడా చెప్పానా, ఆ బుడ్డోడే మళ్లీ లేచి, మా తాతకి చెయ్యి మొద్దుబారిపోయింది టీచర్, ఎవరు తీసుకున్నట్టు అన్నాడు. దీనికి మీరే చెప్పాలి, ఆయ్.