అమ్మే మనిషికి తెలియని విలువను కొనే మనిషి చెప్పాలా?

పాతపెట్టె:
పాత సామాన్ల సంతలో ఒకాయన గిల్టు నగలన్నీ ఒకే డబ్బాలో కుమ్మరించి పెట్టాడు. ఏది తీసుకున్నా ఒకటే ధర. అందులో ఒక ఉంగరం లోపలి వైపు 750 అని సన్నటి ముద్ర కనిపించింది. వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారం, అంటే 18 క్యారెట్లు. అడిగిన డబ్బు ఇచ్చి, మారుమాట లేకుండా తెచ్చుకున్నాను. మా ఆయన శభాష్ అన్నారు. మా అత్తగారు మాత్రం దొంగతనంతో సమానం అంటున్నారు. మీరేమంటారు?

దారినపోయే దానయ్య:
దొంగతనమేమిటండీ! ధర పెట్టింది అతను. మీరు బేరం కూడా ఆడలేదు. అదే డబ్బాలోంచి ఇత్తడిని బంగారమనుకుని తెచ్చుకుని ఉంటే వెనక్కి తీసుకునేవాడా? "చూసుకుని కొనుక్కోవాలమ్మా" అనేవాడు. మీరు చూసుకునే కొన్నారు. చట్టం మాట కావాలంటే 1817లో అమెరికా సుప్రీంకోర్టుకు వచ్చిన పొగాకు కేసు ఉంది, లెయిడ్‌లా వర్సెస్ ఆర్గన్. అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య యుద్ధం ముగిసిందన్న కబురు ఆర్గన్‌కు ముందుగా తెలిసింది. పైకి చెప్పకుండా పొగాకు కొనేశాడు. కబురు పొక్కాక ధర 30 నుంచి 50 శాతం పెరిగింది. కొనేవాడు తనకు తెలిసిందంతా చెప్పి తీరాలన్న నియమం లేదని చీఫ్ జస్టిస్ మార్షల్ రాశారు.

గీటురాయి:
దానయ్య గారూ, తీర్పు సగం చదివి ఆపేశారు. అవతలివాణ్ణి మోసపుచ్చే మాట గానీ, చేత గానీ ఉండకూడదని అదే తీర్పులో ఉంది. "ధర మారే కబురేమైనా ఉందా" అని ఆర్గన్‌ను అడిగారు. అతను నోరు విప్పలేదు. ఆ మౌనం మోసం కిందికి వస్తుందో రాదో జ్యూరీయే తేల్చాలని కేసును వెనక్కి పంపారు. అంటే ఆర్గన్‌కు పూర్తి క్లీన్ చిట్ రాలేదు.

ఈ గొడవ కొత్తదీ కాదు. ఇత్తడి లాంటి లోహం అనుకుని ఒకడు బంగారం అమ్ముతున్నాడు, మంచివాడు ఆ సంగతి చెప్పాలా, వెయ్యి దీనారాల వస్తువును ఒక్క దీనారానికి కొనుక్కుపోవాలా అని 2,000 ఏళ్ల కిందటే రోమన్ తత్వవేత్త సిసిరో అడిగాడు. చెప్పాలన్నదే ఆయన పక్షం.

నేను పాత నగలు కొని అమ్మే పనిలో ఉన్నాను. నా పద్ధతి ఇదీ. అవతల ఉన్నది వ్యాపారి అయితే నోరు మెదపను. చదువుకోవడం అతని పని కూడా. భర్తో, తల్లో పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ, ఏది ఏమిటో తెలియక అమ్ముకునేవాళ్లయితే చెప్పి, సరైన ధరకే అడుగుతాను. ఎవరి దగ్గరైనా సరే, బంగారమని తెలిసీ "ఇది ఉత్త ఇత్తడేగా" అని ముఖం చిట్లించి ధర దించను. మా వృత్తిలో అందరూ చేసేదే, అయినా నీచం.

నల్లపూస:
నీతి తర్వాత. అది బంగారమని ఎలా నమ్మారు? ముద్ర ఎవడైనా కొట్టొచ్చు. అయస్కాంతానికి అంటుకోలేదని మురిసిపోకండి, ఇత్తడీ రాగీ కూడా అంటుకోవు. గొలుసైతే కొక్కెం దగ్గర అంటుకుంటుంది, లోపలి స్ప్రింగు ఉక్కుది కాబట్టి. దానికి భయపడి మంచి గొలుసులు వదిలేసేవాళ్లూ ఉన్నారు. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంతో ఉంగరం కింది భాగం చూడండి. పూతైతే అరిగిన చోట వేరే రంగు తేలుతుంది. రాయి ఏమైనా ఉందా?

పాతపెట్టె:
చిన్న కెంపు ఉంది. ఉంగరం 1920ల నాటి పనితనంలా ఉంది కాబట్టి రాయి కూడా అసలుదే అనుకుంటున్నాను.

నల్లపూస:
అక్కడే చాలామంది బోల్తా పడతారు. మంటలో పొడి కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని ఫ్రెంచ్ శాస్త్రవేత్త వెర్నాయ్ 1902లోనే బయటపెట్టాడు. ఆ తర్వాతి ఉంగరం నిజంగా పాతదే అయినా, అందులోని కెంపు ఫ్యాక్టరీదయ్యే అవకాశం బాగా ఉంది. లోపల వంపు తిరిగిన గీతలు కనిపిస్తే అదే. ఇంకో మాట, రాయి వెనక మూసి ఉంటే నీళ్లలో ముంచకండి. పాతకాలంలో మెరుపు కోసం రేకు వేసేవారు. తడి తగిలితే రేకు నల్లబడి రాయి చచ్చిపోతుంది.

దారినపోయే దానయ్య:
చూశారా, ఇంత తెలిస్తే గానీ ఒక ఉంగరం కొనలేం. ఈ చదువుకు కూలి ఎవరిస్తారు? రష్యాలో పేరుమోసిన నగల తయారీదారు ఫాబెర్జే గుడ్డు సంగతే తీసుకోండి. 1887లో రష్యా చక్రవర్తి కోసం చేసిన బంగారు గుడ్డు, అమెరికాలో ఒక తుక్కు వ్యాపారి చేతికి వచ్చింది. కరిగిద్దామనే కొన్నాడు. బంగారం బరువుకు తను పెట్టినంత కూడా రాదని తేలి అది ఇంట్లోనే పడి ఉంది. 2012లో లోపలి గడియారం మీద ఉన్న వాషెరాన్ కాన్‌స్టాంటిన్ అనే గడియారాల కంపెనీ పేరు నెట్‌లో వెతికితే గుట్టు బయటపడింది. తెలుసుకున్నవాడు లేకపోతే ఆ గుడ్డు కొలిమిలోకే పోయేది.

గీటురాయి:
అది మీ వాదనకు పనికిరాదండీ. కొన్న రోజున అతనికీ తెలియదు కదా, దాచడానికేముంది? 2017లో లండన్ సోద్‌బీస్ వేలంలో 6,56,750 పౌండ్లకు అమ్ముడుపోయిన 26 క్యారెట్ల వజ్రపు ఉంగరమూ అంతే. 1980లలో సంతలో పది పౌండ్లకు కొన్నావిడ ఉత్త రాయే అనుకుని ఏళ్ల తరబడి రోజూ పెట్టుకుంది. ఆవిడను ఎవరూ తప్పుపట్టరు. పాతపెట్టె గారు ముద్ర చూసి కొన్నారు. తేడా అక్కడుంది.

పాతపెట్టె:
అతను ఏమీ అడగలేదు, నేను అబద్ధమూ ఆడలేదు. డబ్బాల మీద డబ్బాలు అమ్మే మనిషే, అమాయకుడు కాదు. ఇప్పుడు చెప్పాలంటే ఉంగరం తిరిగిచ్చేయాలా?

గీటురాయి:
వ్యాపారే అయితే నా లెక్కలో మీరు బాకీ లేరు. మీ అత్తగారి మాట మరీ గుచ్చుకుంటుంటే ముందు పరీక్ష చేయించి, తేడాలో సగం ఇవ్వండి.

దారినపోయే దానయ్య:
బాగుంది. మరి పరీక్షలో 750 దొంగ ముద్రని తేలితే, నష్టంలో సగం అతను ఇస్తాడా? అడిగి చూసి చెప్పండి.